ఇంటి కెమెరాలో దెయ్యం

దెయ్యం సినిమా అనగానే మనకి కొన్ని లెక్కలున్నాయి. పాడుబడ్డ బంగళా ఉండాలి. కిర్రుమనే తలుపుండాలి. కిటికీ బయట మెరుపులు మెరవాలి, వెనకనించి వయొలిన్లు మోగాలి. ఇవేవీ కొనే స్తోమత లేనివాళ్ళు, పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ వాడే వీడియో కెమెరా పుచ్చుకుని, స్నేహితుల్నీ తోబుట్టువుల్నీ నటులుగా పెట్టుకుని, సొంత ఇంట్లోనే తీసిన దెయ్యం సినిమాలు అమెరికాలో 1980 దశకంలో కొన్ని డజన్లు వచ్చాయి. వాటికి ఇక్కడ "షాట్ ఆన్ వీడియో" అని పేరు. నాకు ఇవంటే ఇష్టం. ఆ ఇష్టానికి కారణాలేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ సినిమాలకి మామూలుగా రెండు రకాల ఆదరణ దొరుకుతుంది. మొదటిది వెక్కిరింత. పదిమంది చేరి, పకోడీలు పక్కన పెట్టుకుని, "అబ్బ, ఎంత చెత్తగా తీశాడో చూడు" అని నవ్వుకోవడం. రెండోది జాలి. "పాపం, డబ్బుల్లేకపోయినా ఏదో తీశాడు" అని సరిపెట్టుకోవడం. నవ్వేవాడూ జాలిపడేవాడూ కూడా తెర మీద ఏముందో సరిగ్గా చూడరు. మంచి సినిమా కాబోయి కాలేకపోయిన వస్తువు అనే ఇద్దరి లెక్కా. నా ఉద్దేశంలో వీటిలో మంచివి వేరే పని చేస్తున్నాయి, ఆ పని ఖరీదైన సినిమా చెయ్యలేదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 16 మిల్లీమీటర్ల ఫిల్ము వంద అడుగుల చుట్ట కెమెరాలో మూడు నిమిషాలైనా నడవదు. తరవాత దాన్ని లాబ్‌కి పంపాలి, కడిగించాలి, ప్రింటు వేయించాలి. నటుడు మాట తడబడితే ఆ తడబాటుకి కూడా బిల్లు కట్టాలి. మామూలు వీహెచ్ఎస్ క్యాసెట్ రెండు గంటలు నడుస్తుంది, నచ్చకపోతే వెనక్కి తిప్పి దాని మీదే మళ్ళీ తియ్యొచ్చు. మొదట్లో కెమెరా ఒకటి, భుజానికి తగిలించుకునే రికార్డరు ఒకటి, మధ్యలో తీగ. 1983లో సోనీ బీటామూవీ, మరుసటి ఏడు జేవీసీ చిన్న కెమెరా వచ్చాక రెండూ ఒకే పెట్టెలోకి చేరాయి. తలనెప్పి మాత్ర వేసుకునే అవసరం లేకుండా సినిమా తియ్యొచ్చన్నమాట, కనీసం మొదటిరోజు వరకైనా.

రెండో కారణం వీడియో షాపులు. వీధివీధినా వెలిసిన ఆ షాపుల అరలు నింపడానికి హాలీవుడ్ సరుకు చాలలేదు. శుక్రవారం సాయంత్రం వచ్చినవాడు కొత్త సినిమా దొరక్కపోతే ఏదో ఒక దెయ్యం బొమ్మ పట్టుకుపోయేవాడు. అట్ట మీద బొమ్మ భయంకరంగా ఉంటే చాలు, లోపల ఏముందో ఇంటికెళ్ళాకగానీ తెలీదు. 1982లో "బోర్డింగ్ హౌస్" అనే సినిమాని వీడియో మీద తీసి, ఫిల్ముకి ఎక్కించి థియేటర్లకి పంపారు. 1985లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో క్రిస్టఫర్ లూయిస్ 27 వేల డాలర్లతో "బ్లడ్ కల్ట్" తీసి, థియేటర్ ముఖం చూపించకుండా నేరుగా షాపులకి పంపాడు. ఈ లూయిస్ ఎవరో కాదు, ఆస్కార్ అందుకున్న నటి లొరెట్టా యంగ్ కొడుకు. తల్లి స్టూడియోల స్వర్ణయుగంలో వెలిగింది, కొడుకు క్యాసెట్ల అరల్లోకి వచ్చిపడ్డాడు. ఆ సినిమా నాకేమంత గొప్పగా అనిపించలేదు. ఫిల్ముకి చవక నకలు లాగా తీశాడు. వీడియోని వీడియోలాగా వాడుకున్నవాళ్ళ దగ్గరే ఈ కథ రక్తి కడుతుంది.

వీడియోని వీడియోలాగా వాడుకోవడం అంటే ఏమిటి? ఫిల్ము సెకనుకి 24 బొమ్మలు. అమెరికన్ వీడియో సెకనుకి దాదాపు 60 సగం బొమ్మలు, ఒకదాని గీతల మధ్య ఇంకొకటి ఇమిడేలా. మనిషి చెయ్యి ఊపితే ఫిల్ములో ఆ కదలికలో కాస్త కల ఉంటుంది. వీడియోలో చెయ్యి చెయ్యిలాగే ఊగుతుంది. అందుకే ఫిల్ము చూస్తే "అనగనగా" అనిపిస్తుంది, వీడియో చూస్తే "ఇప్పుడే, ఇక్కడే" అనిపిస్తుంది. టీవీ వార్తలు, పెళ్ళి క్యాసెట్లు, పిల్లవాడి మొదటి అడుగులు అన్నీ ఆ రూపంలోనే చూశాం కాబట్టి, ఆ బొమ్మ అబద్ధం చెప్పదని మన కంటికి ఒక నమ్మకం. ఇండియానించి వచ్చిన చెల్లెలి పెళ్ళి క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో ఆడక, పాల్ నించి ఎన్‌టీఎస్‌సీకి మార్పించి, రంగులు కాస్త వెలిసిపోయిన ఆ బొమ్మలో అమ్మ ముఖం వెతుక్కున్నవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఎరుపు గీత దాటి పక్కకి ఒలుకుతుంది, ముఖం అంచులు కరుగుతాయి, అయినా అది అమ్మే. సరిగ్గా ఆ బొమ్మలోకి దెయ్యం వచ్చి నిలబడితే ఎలా ఉంటుంది? బంగళాలోకి వచ్చిన దెయ్యం బంగళాలోనే ఉండిపోతుంది. పెళ్ళి క్యాసెట్లోకి వచ్చింది మాత్రం మన ఇంట్లోకి వచ్చినట్టే.

శబ్దం కూడా అంతే. ఈ కెమెరాల మైకు కెమెరాకే అంటుకుని ఉంటుంది. ఎవరూ మాట్లాడకపోతే లోపలి యంత్రం తనంత తాను వినికిడి పెంచేసుకుంటుంది. అందుకని ఈ సినిమాల్లో నిశ్శబ్దం ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు, సన్నటి హోరు పైకి లేస్తుంది. పాత్ర భయంతో బిగుసుకుపోయిన క్షణంలో గది ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది. ఇది ఎవరూ ఉద్దేశించి చేసింది కాదు. అయినా వంద వయొలిన్ల పని చేస్తుంది.

ఇక సినిమాలు. 1983లో డేవిడ్ ప్రయర్ తీసిన "స్లెడ్జ్‌హామర్" కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఓ తల్లి కొడుకుని అలమరలో పెట్టి తాళం వేసి ప్రియుడితో ఉంటుంది; ఇద్దరూ సమ్మెటపోటుకి చస్తారు. పదేళ్ళకి కొందరు కుర్రకారు ఆ ఇంటికి సరదాగా గడపడానికొస్తారు, తరవాత మీకు తెలిసిందే. కథ ప్రకారం అది ఊరికి దూరంగా ఉన్న ఇల్లు. లోపల దృశ్యాలు చాలావరకు తీసింది దర్శకుడి సొంత అపార్ట్‌మెంట్లో. నాయకుడు అతని తమ్ముడు టెడ్. నిడివి సరిపోక మనుషులు నడిచే దృశ్యాల్ని నెమ్మది చేసి చేసి సాగదీశాడు, ఇల్లు బయటినించి చూపించే షాటు చూస్తూ చూస్తూ కాఫీ పెట్టుకుని రావచ్చు. ఇవి లోపాలే, ఏమీ దాచక్కర్లేదు. కానీ ఆ తెల్లగోడలు చూడండి. అద్దె ఇళ్ళలో వేసే ఆ చవక తెల్లరంగు, ఖాళీ హాలు, నీడలు దాక్కోడానికి చోటే లేదు. అక్కడ ముసుగు మనిషి ఉన్నట్టుండి ఉంటాడు, ఉన్నట్టుండి కరిగిపోతాడు, ఓసారి పెద్దవాడు, ఓసారి పిల్లవాడు. వాడిన యుక్తి ఒకటే, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ కరిగించడం.

ఈ యుక్తి తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళం మనం. తక్కువ ఖర్చుతో, అవే సెట్లూ అవే అస్థిపంజరాలతో ఆయన జానపదాల మీద జానపదాలు తీశారు. పారితోషికం దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చేసి మిగతా సినిమా లాగించేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదోగానీ, చేతిలో ఉన్నదాన్ని బట్టి కథ నడిపే పద్ధతికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళే పెట్టి వంట చేసే దెయ్యాన్ని తలుచుకోండి. అది భయమెందుకు వేసిందంటే అది వంటిల్లు కాబట్టి, మన అమ్మ కూచునే చోట అది కూచుంది కాబట్టి. అయితే విఠలాచార్య దగ్గర స్టూడియో ఉంది, ఫిల్ము ఉంది, ఆరితేరిన సాంకేతికులున్నారు. ప్రయర్ దగ్గర తమ్ముడున్నాడు.

చెస్టర్ నోవెల్ టర్నర్ దగ్గర అంతకంటే తక్కువ. షికాగోకి చెందిన ఈ నల్లజాతి దర్శకుడు రెండే సినిమాలు తీశాడు. మొదటిది 1984 నాటి "బ్లాక్ డెవిల్ డాల్ ఫ్రమ్ హెల్." చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే ఒక ఒంటరి స్త్రీ పాత సామాన్ల షాపులో ఓ బొమ్మ కొంటుంది, అది ప్రాణం పోసుకుని ఆమెని చెరుస్తుంది. సంగీతం కూడా టర్నరే క్యాసియో కీబోర్డు మీద వాయించాడు. ఈ సినిమాని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. భక్తి ముసుగులో అణిచిపెట్టిన కోరిక గురించి ఎవరూ మాట్లాడనంత మొండిగా మాట్లాడిందంటారు. నాకు ఆ వాదన సగమే నప్పుతుంది. అత్యాచారం స్త్రీ కోరికని మేలుకొలుపుతుందనే ఊహ బడ్జెట్ ఎంత తక్కువైనా రోతగానే ఉంటుంది. పేదవాడు తీశాడు కదా అని దాన్ని మన్నించడం నేను మొదట చెప్పిన జాలి కిందికే వస్తుంది.

రెండోది, 1987లో వచ్చిన "టేల్స్ ఫ్రమ్ ద క్వాడెడ్ జోన్," వేరే సంగతి. ఒక తల్లి తన కొడుక్కి కథలు చదివి వినిపిస్తుంటుంది. కొడుకు చచ్చిపోయాడు, మనకి కనిపించడు. ఒక గరగర గుసగుస మాత్రం వినిపిస్తుంది, అందులో మాటలు మనకి తెలీవు, తల్లికి తెలుస్తాయి. ఆమె నవ్వి జవాబు చెబుతుంది. ఆమె చదివే కథల్లో మొదటిదాంట్లో ఒక పేద కుటుంబం భోజనానికి కూచుంటుంది, తినేవాళ్ళకంటే తిండి తక్కువ. లెక్క సరిచెయ్యడానికి ఒకడు తుపాకీ తీస్తాడు. నటన బొత్తిగా లేదు, వెలుతురు అడ్డదిడ్డం. కానీ ఆ బల్ల నిజమైన బల్ల, ఆ ఇల్లు నిజమైన ఇల్లు, తిండి చాలకపోవడమనే మాటని కెమెరా అద్దె గురించి లెక్కలు వేసుకునేవాడు తీశాడు. ఆకలిని ఇంత మొరటుగా లెక్కల సమస్యగా చూపించిన దృశ్యం పెద్ద సినిమాల్లో నాకు కనిపించలేదు. చివరికి కథలు చదివే తల్లి దగ్గరికే కథ తిరిగొస్తుంది. కొట్టే భర్త, హత్య, ఆమె చావు. చచ్చాకగానీ ఆమె కొడుకుని చేరుకోలేదు. కనిపించని పిల్లవాడికి డబ్బు ఖర్చవదు, నిజమే. ఖర్చవదు కాబట్టే అతన్ని అలా రాశాడేమో. అయితేనేం, తల్లి ఖాళీ చోటు వైపు చూసి నవ్వినప్పుడు ఆ ఖాళీ నిండుతుంది.

మొదటి సినిమా పంపిణీలో దెబ్బతిన్న టర్నర్ రెండోదాన్ని తానే క్యాసెట్లు చేసి అమ్ముకున్నాడు. చాలా కొద్ది ప్రతులే బయటికొచ్చాయి. తరవాత అతను సినిమాలు మానేశాడు, కారు ప్రమాదంలో పోయాడని కూడా ప్రచారమైంది. సేకరణ పిచ్చివాళ్ళు ఒక్కో క్యాసెట్‌కి వందల డాలర్లు పోశారు. చివరికి మనిషి బతికే ఉన్నాడని తేలింది, 2013లో రెండు సినిమాలూ డీవీడీగా వచ్చాయి.

వీడియో షాపుల గురించి షాపువాడే తీసిన సినిమా 1987 నాటి "వీడియో వయొలెన్స్." గ్యారీ కోహెన్ న్యూజెర్సీలో వీడియో షాపు నడిపేవాడు, డెలావేర్ నది ఒడ్డున ఫ్రెంచ్‌టౌన్‌లో దీన్ని తీశాడు. నగరంనించి చిన్న ఊరికి మారిన దంపతులు వీడియో షాపు పెట్టుకుంటారు. ఊళ్ళోవాళ్ళకి నెత్తుటి సినిమాలు తప్ప ఇంకేవీ అక్కర్లేదు. ఒకరోజు ఎవరో పొరపాటున తిరిగిచ్చిన క్యాసెట్లో అసలైన హత్య ఉంటుంది, ఇంట్లో తీసుకున్నది. ఊరంతా కలిసి తమ వినోదం తామే తయారు చేసుకుంటున్నారని మెల్లగా బయటపడుతుంది. ఈ సినిమా తెలివి ఇందులోనే ఉంది. కథలోని హత్య క్యాసెట్టూ, మనం చూస్తున్న సినిమా క్యాసెట్టూ ఒకే రకం బొమ్మ. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కంటికి తెలీదు. అద్దెకి తెచ్చుకున్న ప్రేక్షకుడు తన చేతిలోని పెట్టెని ఓసారి తిరగేసి చూసుకోవాల్సిందే. ఇదే కథని లక్షలు పోసి ఫిల్ము మీద తీస్తే ఆ గీత స్పష్టంగా కనబడుతుంది, కథ చచ్చిపోతుంది.

ఈ దారిలో ఇంకో అడుగు వేసింది డీన్ అలియోటో. 1989లో 6,500 డాలర్లతో తీసిన "యూఎఫ్ఓ అబ్డక్షన్," తరవాత "ద మెక్‌ఫర్సన్ టేప్" అనే పేరుతోనే ఎక్కువమందికి తెలుసు. ఇందులో ఒక పాప అయిదో పుట్టినరోజు. ఇంటబ్బాయి కొత్త కెమెరాతో అందరినీ విసిగిస్తున్నాడు. అన్నదమ్ములు ఒకరినొకరు దెప్పుకుంటారు, తల్లి సర్దిచెబుతుంది, అందరూ ఒకేసారి మాట్లాడతారు. కరెంటు పోతుంది. బయటికెళ్ళిన అన్నదమ్ములకి పొలంలో గ్రహాంతరవాసులు కనిపిస్తారు. తిరిగొచ్చి తలుపులేసుకుంటారు. ఆ తరవాత వాళ్ళు చేసే పని నాకు మరీ నచ్చింది. బల్ల చుట్టూ కూచుని పేకాడతారు. ఏం చెయ్యాలో తోచని కుటుంబం ఏం చేస్తుంది మరి? కేకలు వేసి వేసి అలిసిపోయాక పిల్లని మరిపించడానికి ఏదో ఒకటి చెయ్యాలిగా. ఏ స్క్రీన్‌ప్లే పాఠంలోనూ ఈ దృశ్యం ఉండదు, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. సరుకు ఉన్న గోదాము తగలబడి సినిమా పంపిణీ ఆగిపోయింది. పేర్లు లేని దొంగ కాపీలు ఎగిరే పళ్ళాల నమ్మకస్తుల చేతుల్లో పడి, నిజంగా జరిగిన సంఘటన అని ఏళ్ళ తరబడి ప్రచారంలో తిరిగాయి. నకలుకి నకలు తీసినకొద్దీ బొమ్మ చెదిరింది, చెదిరినకొద్దీ నమ్మకం పెరిగింది.

పదేళ్ళ తరవాత, 1999లో, "బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్" ఇదే యుక్తితో ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లు దాటి సంపాదించింది. 2007లో ఓరెన్ పెలి సాన్‌డియేగోలో తన ఇంట్లోనే 15 వేల డాలర్లతో "పారానార్మల్ యాక్టివిటీ" తీశాడు. అప్పుడుగానీ పెద్దలకి ఈ బొమ్మలో డబ్బుందని తెలియలేదు. అట్లాంటిక్ అవతల వాళ్ళకి ఇంకా ముందే తెలుసు. ఘనాలో 1987లో విలియం అకుఫో తీసిన "జినబు," ఒక మంత్రగత్తె కథ, ఆ దేశపు వీడియో సినిమాలకి నాంది. నైజీరియాలో 1992లో వచ్చిన "లివింగ్ ఇన్ బాండేజ్" డబ్బుకోసం భార్యని బలిచ్చిన భర్తని ఆమె దెయ్యం వెంటాడే కథ. ఇగ్బో భాషలో తీసి క్యాసెట్ల మీద అమ్మిన ఆ సినిమా తరవాత అక్కడ ఒక పరిశ్రమే లేచింది. అమెరికాలో వీడియో దెయ్యాలు పెద్ద పరిశ్రమ అరుగు కింద బతికాయి. లాగోస్‌లో అవే అరుగెక్కి కూచున్నాయి.

మన దగ్గర ఇలాంటివి ఎందుకు రాలేదు? అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రామ్‌గోపాల్ వర్మ 1992లో "రాత్రి" తీశాడు, కానీ అది వృత్తి సినిమా, రేవతి నటించిన ఫిల్ము సినిమా. వీడియో కెమెరా మన ఊళ్ళలో స్టూడియోవాడి భుజం మీద ఉండేది, వాడు పెళ్ళికి వచ్చేవాడు, గంటల లెక్కన వెళ్ళిపోయేవాడు. ఇంట్లో కుర్రవాడి చేతికి అది దొరకలేదు. అమెరికాలో మన ఇళ్ళలో దొరికింది, కానీ ఇక్కడ మనం నయాగరా ముందు నించున్న అత్తగారినీ మావగారినీ తీస్తూ ఉండిపోయాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ క్యాసెట్లు ఇవాళ ఒకసారి పెట్టి చూడండి. నయాగరా ముందు నవ్వుతూ చెయ్యూపుతున్న ఆ ఇద్దరిలో ఎంతమంది మిగిలారు? టర్నర్ సినిమాలో తల్లి ఖాళీలోకి చూసి మాట్లాడే దృశ్యం నన్ను ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలుస్తుంది. ఇంటి వీడియో అంటేనే దెయ్యాల కొంప. ఆ సినిమాలు తీసినవాళ్ళు ఆ మాట మనకంటే ముందు కనిపెట్టారు.

ఈ మధ్య ఆ గీతలూ మరకలూ కంప్యూటర్లో పూసి అమ్ముతున్నారు. 2012లో "వీహెచ్ఎస్" పేరుతోనే ఒక సంపుటి సినిమా వచ్చింది, వరసగా కొనసాగింపులొచ్చాయి. బాగున్నవి ఉన్నాయి, అయినా చాలావాటిలో ఆ మరక నగలాగా ఉంటుంది. 2022 నాటి "స్కినమరింక్" నయం. కైల్ ఎడ్వర్డ్ బాల్ దాన్ని కెనడాలో ఎడ్మంటన్‌లోని తను పెరిగిన ఇంట్లోనే 15 వేల డాలర్లతో తీశాడు. డిజిటల్ కెమెరాతో తీసినా, ఆ గోడల మూలలు ఎక్కడ చీకటిగా ఉంటాయో చిన్నప్పుడు చూసి పెట్టుకున్నవాడి కన్ను అందులో ఉంది. పరికరం మారినా ఇల్లు మారకపోతే చాలునని దానివల్ల తెలుస్తోంది.

2015లో యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం దాదాపు 2,700 పాత హారర్, చౌకబారు సినిమాల వీహెచ్ఎస్ క్యాసెట్లు కొని దాచుకుంది. షేక్‌స్పియర్ పాత ప్రతులున్న చోటే ఇవీ చేరాయి. 2016లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ తయారీ ఆపేసింది. అయస్కాంతపు పూత రాలిపోతూనే ఉంటుంది, క్యాసెట్ ఎవరికోసమూ ఆగదు. ఏది దాచాలో ముందే తెలిసినవాడెవడూ లేడు కాబట్టి, చెత్త అనుకున్నది కూడా దాచడమే గ్రంథాలయం పని.

కాకి పిల్ల కాకికి ముద్దు అని ఈ సినిమాల్ని తోసిపారేయడం సులువే. వారమంతా వేరే ఉద్యోగం చేసి, శని ఆదివారాల్లో స్నేహితుల్ని బతిమాలి, తప్పులు దిద్దే పెద్దదిక్కు లేకుండా చేసిన పని ఎలా ఉంటుందో ఈ సంకలనంలో రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ వేరే చెప్పక్కర్లేదు. మన రాతలకి కూడా అక్కడినించి అప్పుడప్పుడు ఆ రెండే దక్కుతుంటాయి, వెక్కిరింతా జాలీ. "అంత దూరంలో ఉండి తెలుగులో రాస్తున్నారు, అదే పదివేలు" అన్న మెప్పు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పదివేలు వద్దు, చదివి మార్కులెయ్యండి. బాగులేకపోతే బాగులేదనండి, స్లెడ్జ్‌హామర్‌లో నడక సాగిందని నేనన్నట్టు. ఆ పేకాట దృశ్యంలాంటిది ఒకటి, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టనిది, ఎక్కడైనా కనిపిస్తే మాత్రం దాన్ని గుర్తుపట్టండి. విమర్శ చెయ్యగలిగిన ఉపకారం అంతే.